ఒట్టి రోటి చప్పుడు

హైదరాబాదు
12 నవంబరు 1945

రేణుకక్కకు,

నీ తమ్ముడు మల్లేశ్వర్ దండాలు. ఉత్తరం మొదట్లో "నేనిక్కడ క్షేమం" అని రాయాలని మా పంతులు నేర్పాడు. నేను రాయడం లేదు. తీర్పు వచ్చిన రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు.

అయినా మంచి మాటతోనే మొదలుపెడతాను. వకీలు దశరథం గారు ఐలయ్య బావ అప్పీలు తీసుకున్నారు. బడి విడిచాక నేను ఆయన దగ్గర కాగితాలకు నకళ్లు రాస్తున్నాను కదా, బావ కాగితాలు కూడా నన్నే రాయమన్నారు. కింది కోర్టు తీర్పు ఉర్దూలో ఇరవై రెండు పుటలు. మూడు రోజులుగా దానికి నకలు తీస్తూ, నీకోసం తెలుగులోకి మార్చుకుంటున్నాను.

అక్కా, మొగులయ్యను బావ చంపుతుండగా చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ మాట తీర్పు కూడా ఒప్పుకుంది. చూసినవాడు లేనప్పుడు కోర్టు చుట్టూ ఉన్న సంగతులను అడుగుతుందట. దాన్ని సందర్భ సాక్ష్యం అంటారని వకీలు గారు చెప్పారు. ఎంత బాగుందో ఆ మాట! మనుషులు నోరు మూసుకుంటే వస్తువులు నోరు తెరుస్తాయన్నమాట. నా మాటల నోటుబుక్కులో వెంటనే రాసుకున్నాను. రాసుకున్నాక సిగ్గేసింది. ఆ మాట మీదే కదా బావ జైల్లో ఉన్నాడు.

జడ్జి చెప్పిన సంగతులు మూడు. మొగులయ్య చావుకు మూడు రోజుల ముందు, మీ రెండిళ్లకూ ఉమ్మడిగా ఉన్న బావి దగ్గర మోట వంతు కోసం బావ అతనితో కొట్లాడాడు. బావ ధోవతి మీద నెత్తురు మరకలున్నాయి. పోలీసులు వస్తే బావ పారిపోయి, రెండు రోజులు కాటేదాన్ గుట్టల్లో దాక్కున్నాడు. మొదటి రెండింటి గురించి తీర్పులో నాలుగేసి వాక్యాలున్నాయి. మూడో దాని గురించి ఆరు పుటలున్నాయి.

అందుకే అడుగుతున్నాను. ఆ రోజు బావ ఎందుకు పారిపోయాడు? నీకు తెలిసింది దాచకుండా రాయి. తీర్పు నాడే చెప్పాను కదా, శిక్ష ఏడేళ్లే. నువ్వు గుండె చెదరకు.

ఉత్తరం టపాలో వేయకు. మన ఊరి టపా పోలీస్ పటేల్ చేతి మీదుగానే పోతుంది. గడ్డి బండి తోలుకొచ్చే అనంతయ్యకే ఇవ్వు.

నీ తమ్ముడు
మల్లేశ్వర్


తొండుపల్లి
కార్తీక పున్నమి తెల్లారి

తమ్మీ మల్లేశూ,

నీ ఉత్తరం ముట్టింది. నువ్వు గోడ మీద బొగ్గుతోని నేర్పిన అక్షరాలతోనే రాస్తున్న. పుస్తకంల భాష నాకు రాదు. మాట్లాడినట్టే రాస్తున్న, నవ్వకు.

ధోతి మీది నెత్తురు బర్రెది. కడుపుల దూడ అడ్డం తిరిగితే మీ బావ మోచెయ్యి దాకా పెట్టి గుంజిండు. పక్కింటి దుర్గవ్వ బర్రె కాళ్లు పట్టింది. గా మాట ఆమె కోర్టుల చెప్పింది గూడ. మోట కాడ లొల్లి నిజమే. మొగులయ్యకు మాకు ఏటా ఎండకాలం లొల్లే. రెండొద్దులు మాటలుండవు, మూడో పొద్దు ఇద్దరు కూసోని ఒక్క చుట్టనే కాల్చుకుంటరు. వాని పెండ్లాం తారాబాయి గిప్పుడు నన్ను చూస్తే మొకం తిప్పుకుంటది. ఆమెను నేనేమంట? వాన్ని సంపినోడు ఎవడో ఇంక తిరుగుతనే ఉన్నడు. పొద్దు ఉండంగనే తలుపు పెట్టుకుంటున్న.

ఎందుకు ఉరికిండు అని అడిగినవు. ఉరికిండు, అంతే. పోలీసోళ్లొస్తే ఎవలు ఉరుకరు? గది ఇడిసిపెట్టి వేరేది అడుగు.

మొన్న పోలీస్ అమీన్ సాబ్ మల్లొచ్చిండు. గుర్రాలకు గడ్డి కోపిచ్చుకున్నడు. పోయేటప్పుడు మన ఇంటి ముంగట నిలవడి, "నీ తమ్ముడు పట్నంల సదువుతుండట గద, ఏం సదువుతుండు?" అన్నడు. "నాకేం ఎరుక సాబ్, ఏదో సదువుతుండు" అన్న. ఆయన నవ్వి పోయిండు.

ఈ కాగితం చదివి కాలవెట్టు.

మీ అక్క
రేణుకమ్మ


హైదరాబాదు
2 డిసెంబరు 1945

అక్కా,

నీ ఉత్తరం కాల్చలేదు. "మోచెయ్యి దాకా పెట్టి గుంజిండు" అన్న వాక్యాన్ని కాల్చడానికి నాకు చేతులు రాలేదు. నేను పది వాక్యాలు రాసినా ఆ బర్రె అలా కళ్లకు కట్టదు. పెట్టె అడుగున దాచాను.

వకీలు గారు మొదటి రెండు సంగతులనూ పక్కన పెట్టేశారు. "మోట దగ్గర కొట్లాడని రైతు ఎక్కడైనా ఉంటే చూపించవోయ్. బర్రె సంగతి కింది జడ్జి గారే సగం నమ్మారు. మన మెడకు బిగిసింది మూడోది" అన్నారు.

ఆ మూడో దాన్ని ఉన్నదున్నట్టు రాస్తాను. ఆ పొద్దున అమీను, ఐదుగురు జవాన్లు స్టేషను వైపు నుంచి గుర్రాల మీద వచ్చారు. ఊరు ఇంకా ఫర్లాంగు దూరం ఉంది. ఇంట్లో కూర్చున్నవాడికి వాళ్లు కనిపించే వీలు లేదు. వాళ్లు ఇంట్లో అడుగుపెట్టేసరికి బావ లేడు. కంచంలో సగం తిన్న జొన్నరొట్టె ఉంది. రొట్టె ఇంకా వెచ్చగా ఉందని అమీను రాసుకున్నాడు. దాని మీద జడ్జి ఇలా అన్నాడు: "పోలీసులు కంటికి కనబడకముందే తింటున్న కంచం వదిలి గోడ దూకాడంటే, వాళ్లు వస్తారని ఎదురుచూస్తూ ఉండాలి. నేరం చేసినవాడు తప్ప అలా ఎవడు ఎదురుచూస్తాడు?"

ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే అప్పీలు లేదని వకీలు గారు అంటున్నారు.

నిన్న జైలుకు వెళ్లాను. బావ చాలా చిక్కిపోయాడు. "పోలీసులు వస్తున్నట్టు నీకెలా తెలిసింది బావా?" అని అడిగాను. "మీ అక్కనడుగు" అన్నాడు. మళ్లీ తనే, "వద్దు, అడుగకు" అన్నాడు. ఆ తర్వాత నేను ఏం అడిగినా ఒకటే తీరు. "బర్రె పాలిస్తుందా?" అంటాడు. "మొగులయ్య చేను ఎవలు దున్నుతుండ్రు?" అంటాడు. చచ్చిపోయిన మనిషి చేను సంగతి ఎందుకు అడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు.

రొట్టె వెచ్చగా ఉండగానే ఎలా తెలిసింది? ఎవరు చెప్పారు? నీ దగ్గర ఏదో ఉంది అక్కా. రాయి.

మల్లేశ్వర్


తొండుపల్లి
మార్గశిరం, శనివారం

మల్లేశూ,

ఈసారి తమ్మీ అని రాయబుద్ధి అయితలేదు.

నిన్న పోలీస్ పటేల్ నన్ను చావడి కాడికి పిలిపిచ్చిండు. చేను కౌలుకియ్యుమన్నడు. "ఆయన వచ్చేదాంక నేనే చూసుకుంట పటేలా" అన్న. పది మంది ముంగట పకపక నవ్విండు. "ఎవలు వచ్చేదాంక? బతికినన్నొద్దులు ఖైదు పడ్డది నీ మొగనికి. నీ తమ్ముడు అంత సదువు సదివి నీకు చెప్పలేదా?" అన్నడు.

తీర్పు నాడు నేను కోర్టు బయట కూసున్న. నువ్వొచ్చి ఏడేండ్లన్నవు. నేను నమ్మిన. ఇంటికొచ్చి పెరట్ల మామిడి మొక్క పెట్టిన. ఏడేండ్లకు కాస్తది, మొదటి కాయ ఆయన చేతుల పెట్టాలె అనుకున్న. దినాం రెండు చెంబులు పోస్తున్న. ఇయ్యాల పొయ్యలేదు.

ఇంకోటి. "రొట్టె వెచ్చగున్నది, ఎట్ల తెలిసింది, ఎవలు చెప్పిండ్రు." అమీన్ నన్ను అడిగింది గూడ గిదే తీరుగ. చదువుకుంట చదువుకుంట, ఇది నా తమ్ముడు రాసిండా, అమీన్ రాసిండా అని ఆగిపోయిన. మొగులయ్య చేను ఎందుకు అడుగుతుండని రాసినవు. చుట్ట పంచుకున్నోని చేను దున్నక పడావు పడితే మీ బావకు పాణం ఒప్పదు, అందుకు అడిగిండు.

నీకు గూడ అనుమానమేనా? నీకు మాటలు మస్తు తెలుసు గద. మస్తు వద్దు. ఒక్కటి రాయి.

రేణుకమ్మ


హైదరాబాదు
20 డిసెంబరు 1945

అక్కా,

అవును.

ఒక్క మాట అడిగావు, రాశాను. రాత్రింబవళ్లు ఆ తీర్పుకు నకలు రాసి రాసి జడ్జి గొంతు నా తలలోకి వచ్చేసింది. ఏడేళ్లని అబద్ధం చెప్పింది నీ మీద ప్రేమతో అనుకున్నాను. నిజానికి భయంతో. ఆ రోజు నీ ముందు నిలబడి, ఉన్న మాట చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

కాని ఆ "అవును" మొన్న మంగళవారం వరకే. ఆ రోజు ఏం జరిగిందో విను.

బడి నుంచి వచ్చి నీ ఉత్తరాలు ముందేసుకుని కూర్చున్నాను. హాస్టలు వంటమనిషి తలుపు దగ్గర నిలబడి, "మల్లేశూ, కింద పోలీసాయన నీ పేరు చెప్పి అడుగుతున్నడు" అన్నాడు. అంతే. ఎవరో నా ఒంట్లోకి దూరినట్టయింది. ఉత్తరాలు నోట్లో కుక్కుకున్నాను. వెనక కిటికీలోంచి గోడ మీదికి, గోడ మీది నుంచి సందులోకి దూకాను. చెప్పుల్లేకుండా మూసీ దాకా పరిగెత్తాను. వంతెన కింద కూలబడి కాగితాలు ఉమ్మేశాను. సిరా చేదు ఇంకా నాలుక మీద ఉంది.

ఊపిరి వచ్చాక ఆలోచించాను. నేనేం నేరం చేశాను? ఏమీ లేదు. మరి ఎందుకు పరిగెత్తాను? కాళ్లకే తెలియాలి. తీరా చూస్తే ఆ జవాను రేషను జాబితా కోసం వచ్చాడట, హాస్టల్లో అందరి పేర్లూ అడిగి రాసుకుపోయాడు. వంటమనిషి ఇప్పుడు అన్నం వడ్డించినప్పుడల్లా, "నిజం చెప్పు, ఏం దొంగతనం చేసినవు? ఉత్తగనే ఎవడురుకుతడు?" అని నవ్వుతున్నాడు.

అక్కా, ఆ వంటమనిషి మాటే జడ్జి ఆరు పుటల్లో రాశాడు.

ఇప్పుడు నాకు బావ మీద అనుమానం లేదు. నువ్వు చెప్పినా చెప్పకపోయినా లేదు. మామిడి మొక్కకు నీళ్లు పోయి.

మల్లేశ్వర్


తొండుపల్లి
మార్గశిరం ఆఖరు

తమ్మీ,

నువ్వు చెప్పుల్లేకుంట ఉరికినవంటే నవ్వొచ్చింది, ఎనకనే ఏడుపొచ్చింది. ఇగ నువ్వు మా ఊరోనివైనవు. చెప్త.

నువ్వు పట్నం పోయిన రెండేండ్లకు దుర్గవ్వ పెనిమిటిని వెట్టికి తోలుకపోయిండ్రు. జరం మీద ఉన్నడు. అమీన్ డేరా సామాను నెత్తికెత్తి మహేశ్వరం దిక్కు నడిపిచ్చిండ్రు. తొవ్వలనే పాణం పోయింది. గా ఏడాదే మీ బావను కోతల పొద్దు తొమ్మిదొద్దులు పెట్టుకున్నరు, కూలి లేదు, కూడు లేదు. జొన్న చేనంత పిట్టల పాలైంది. ఇవన్ని నీకు రాయలేదు. సదువుకునే పిలగానికి ఎందుకని.

అప్పుడు దుర్గవ్వ ఆడోళ్లను పిలిచి అడిగింది, "ఒట్టి రోట్ల ఎవలన్న దంచుతరా?" అని. ఎవలు దంచుతరు? ఇంటికి అరిష్టం గద. "ఎవలు దంచరు కాబట్టే, దంచితే అందరికి ఎరుకయితది" అన్నది. గింజలుంటే రోకలి మెత్తగ పడ్తది. ఒట్టి రాయి మీద రోకలి కొనకున్న ఇనుప పొన్ను పడితే చప్పుడే వేరు. జవాన్లకేం తెలుసు, ఆడోళ్లు జొన్నలు దంచుతుండ్రనుకుంటరు. మొదలు చూసినామె మూడు పోట్లు ఏస్తది. పక్కింటామె అందుకుంటది. కడ ఇంటి దాకా పోతది. మొగోళ్లు చేన్లల్ల పడి ఉరుకుతరు. రోకలికి పసుపు పెట్టి, ముట్టుకోని ఒట్టేసుకున్నం, పాణం పోయినా బయట చెప్పొద్దని.

ఊరికి మొదటి ఇల్లు మనదే. గుర్రాల దుమ్ము మొదలు కనవడేది నాకే.

గా పొద్దు దంచింది నేనే తమ్మీ.

మొగులయ్య శవం స్టేషను దిక్కు దొరికిందట, గా సంగతి అప్పటికి ఊర్ల ఎవలకు తెల్వది. వెట్టికే వస్తుండ్రనుకున్న. మీ బావ రొట్టె తింటుండె. మూడు పోట్లు ఏసిన. నోట్ల ముక్క నోట్లనే ఉండంగ గోడ దుంకిండు. ఊర్ల పదకొండు మంది ఉరికిండ్రు. పది మంది పొద్దుగూకేటాళ్లకు ఇండ్లకొచ్చిండ్రు. తన పేరు పట్టి అడుగుతుండ్రని ఎరుకై మీ బావ గుట్టల్లనే ఉండిపోయిండు.

ఎట్ల తెలిసిందని జడ్జి అడిగిండు గద. నా చేతులు చెప్పినయి. అరిష్టం ఎవలింటికి వచ్చిందో చూడు.

ఇది కోర్టుల చెప్తే ఊర్ల ఒక్క మొగోడు దక్కడు. చెప్పకుంటే మీ బావ దక్కడు. కండ్లు మూస్తే రోలు కనవడ్తుంది. నేనేం చెయ్యాలె?

అక్క


హైదరాబాదు
18 జనవరి 1946

అక్కా,

నీ ఉత్తరం చదివాను. కాగితాన్ని వెంటనే కాల్చేశాను. అందులో ప్రతి మాటా నాకు కంఠతా వచ్చు.

వకీలు గారికి నీ సంగతి చెప్పలేదు. ఊరికే తెలుసుకుంటున్నట్టు, "కొత్త సాక్షిని ఇప్పుడు తేవచ్చా?" అని అడిగాను. "పై కోర్టు కొత్త మనుషుల మొహం చూడదోయ్, పాత కాగితాల మొహమే చూస్తుంది" అన్నారు. సరే, పాత కాగితాలే అని మళ్లీ మొదటి నుంచి కూర్చున్నాను. ఇదివరకు అక్షరాలు నకలు చేశాను. ఈసారి చదివాను.

అమీను మన ఇంట్లో రాసిన పంచనామాలో వస్తువుల జాబితా ఉంది. "కంచం ఒకటి, సగం తిన్న రొట్టెతో." దాని కిందే, "వాకిట్లో రాతి రోలు ఒకటి, ఖాళీ. పక్కన రోకలి." ఇంకో చోట, "ఊళ్లో మగవాళ్లెవరూ దొరకనందున సాక్షి సంతకాలకు పంచులను శంషాబాదు నుంచి పిలిపించడమైనది." మూడోది పెద్ద జవాను సాక్ష్యంలో: "మేము ఊరికి ఫర్లాంగు దూరంలో ఉండగా ఇంటింటా దంచుతున్న చప్పుడు విన్నాను."

చూశావా అక్కా! అంతా వాళ్ల చేత్తోనే రాసుకున్నారు, ఏం రాశారో తెలియకుండా. ఎవరూ వచ్చి సాక్ష్యం చెప్పనక్కర్లేదు. ఈ మూడు వాక్యాలను వరసగా చదివి, ఖాళీ రోలు ఎందుకు మోగిందో ఒక్క మాట చెబితే చాలు.

కాని ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు అమీను కోర్టులోనే ఉంటాడు. వెట్టి గురించి కూడా వకీలు గారిని అడిగాను. "కాగితం మీద అది ఎప్పుడో రద్దయింది. అందుకే కోర్టులో ఆ పేరు ఎత్తితే అమీనుకు మంట. ఎత్తించిన వాళ్లను వదలడు" అన్నారు.

ఇది నేను తేల్చగలిగింది కాదు. ఫిబ్రవరి ఇరవైన విచారణ. నువ్వు సరేనంటేనే ఆ మూడు వాక్యాలు వకీలు గారికి చూపిస్తాను. వద్దంటే నేను వాటిని చూడనే లేదు.

మల్లేశ్వర్


తొండుపల్లి
మాఘం, సోమవారం

తమ్మీ,

ఒక్కదాన్నే చెప్పలేకపోయిన. రోలు అందరిది. మొగోళ్లు చేన్లకు పోయినంక దుర్గవ్వ వాకిట్ల కూసున్నం, పద్నాలుగు మందిమి. నీ ఉత్తరం చదివి చెప్పిన.

మొదలు రుక్మిణమ్మ లేసింది. "నీ మొగని కోసం మా మొగోళ్లను అమ్ముతవా రేణుకా? నీ ఒక్కదానిదేనా సంసారం?" అన్నది. ఆమె పెనిమిటి గూడ గా పొద్దు ఉరికినోడే. చంద్రమ్మ, "రోలు పోతే మనం గూడ గుట్టల మీద కాపురం పెట్టాలె ఇగ, పొయ్యిలు గూడ ఆడనే" అన్నది. ఇద్దరు ముగ్గురు నవ్విండ్రు. నవ్వుకుంటనే ఒకామె ఏడ్సింది.

నేను లేసి పోతుంటే దుర్గవ్వ నా కొంగు పట్టి కూసోపెట్టింది. "ఒట్టి రోట్ల మొదటి పోటు ఏసింది నేను. నా మొగడు ఎట్లనో పోయిండు, ఇంకొకలు పోవద్దని ఏసిన. గిప్పుడు గా రోలే ఒకణ్ని మింగుతుంటే నోరు మూసుకోని కూసుంటే, నేనెందుకు మొదలువెట్టినట్టు?" అన్నది.

"మరి మా గతేంది?" అన్నది రుక్మిణమ్మ.

"రోలు నేర్చినోళ్లం ఇంకోటి నేర్వలేమా? ఆడోళ్లకు ఇంట్ల వస్తువులు తక్కువనా?" అన్నది దుర్గవ్వ.

రుక్మిణమ్మ నా దిక్కు తిరిగింది. "నీ తమ్మునికి రాయి. కానీ కొత్తది ఏందో వానికి రాయకు" అన్నది. పోయేటప్పుడు నా చేతుల ఇన్ని అటుకులు పెట్టిపోయింది.

వకీల్ సాబును చెప్పమను తమ్మీ. నాకు మాత్రం బుగులు తగ్గలేదు. ఇంతమంది కడుపులు కొట్టి ఒక్కన్ని తెచ్చుకుంటున్ననా అనిపిస్తుంది.

అక్క


హైదరాబాదు
9 మార్చి 1946

అక్కా,

బావను విడిచిపెట్టారు.

ఈ మాట ముందే రాశాను, నువ్వు తక్కినది తీరిగ్గా చదువుకోవడానికి. జైలు కాగితాలు పూర్తయ్యేసరికి నాలుగు రోజులు పడుతుంది. అనంతయ్య బండి మీదే వస్తాడు.

విచారణ రోజు నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. అమీను నాకు నాలుగు చేతుల దూరంలో నిలబడ్డాడు. జడ్జీలు ఇద్దరు. పెద్దాయన మొదటే అడిగేశాడు: "అన్నీ సరే. పోలీసులు కనబడకముందే అతనికి ఎలా తెలిసింది?"

వకీలు గారు పంచనామా విప్పారు. కంచం దగ్గర చదివారు, రోలు దగ్గర చదివారు, జవాను విన్న చప్పుడు చదివారు. "ఇంటింటా దంచుతున్నారు. దంచుతున్న రోట్లో మాత్రం గింజ లేదు. ఊళ్లో మగవాడు లేడు. హుజూర్, ఆ రోజు పారిపోయింది ఒక్క ఐలయ్య కాదు, ఊరు ఊరంతా పారిపోయింది. ఒక్కణ్ని చంపడానికి ఊరంతా కలిసిందా?" అన్నారు. తర్వాత వెట్టి మాట ఎత్తారు. పెద్ద జడ్జి పంచనామా తెప్పించుకుని, "ఖాళీ" అన్న చోట వేలు పెట్టి, తనే చదువుకున్నాడు.

అదే సమయంలో అమీను జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకోవడం చూశాను. రెండే మాటలు రాశాడు. అవేమిటో నాకు తెలుసు: ఖాళీ రోలు.

నిన్న తీర్పు చెప్పారు. అందులో ఒక వాక్యం నీకోసం తెలుగు చేశాను: "పారిపోవడం భయానికి సాక్ష్యం. ఆ భయం నేరం వల్లనే పుట్టిందని వేరే రుజువు ఉండాలి, ఇక్కడ లేదు." నోటుబుక్కులో దీనికి ఒక పుట మొత్తం వదిలాను. మొగులయ్యను ఎవరు చంపారో మాత్రం ఈ కాగితాల్లో ఎక్కడా లేదు. తారాబాయికి ఏం చెబుతామో తెలియడం లేదు.

కోర్టు మెట్ల మీద అమీను నా పక్కగా దిగుతూ, "ఏ ఊరు బేటా?" అన్నాడు. నేను ఆగలేదు. పరిగెత్తనూ లేదు. పరిగెత్తకుండా నడవడం ఎంత కష్టమో అక్కా!

ఇప్పుడు ఊళ్లో ఏ గుర్తు పెట్టుకున్నారు? నాకొక్కడికే రాయి.

మల్లేశ్వర్


తొండుపల్లి
ఉగాది ఎల్లినంక, గురువారం

తమ్మీ మల్లేశూ,

కొత్త గుర్తు నీకు రాయ. నువ్వు మంచోనివే, కానీ ఏది విన్నా పుస్తకంల రాసుకునేటోనివి. రుక్మిణమ్మ ఒట్టు పెట్టిచ్చింది.

మీ బావ వచ్చిండు. వచ్చిన తెల్లారే తారాబాయి ఇంటికి పోయి వాకిట్ల కూసున్నడు. ఆమె లోపటికి రమ్మనలేదు, పొమ్మనలేదు. జర సేపటికి మంచినీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టింది. ఇప్పుడు పొద్దుగాల వాళ్ల చేన్ల ఒక నాగలి, మన చేన్ల ఒక నాగలి. మామిడి మొక్క బతికింది.

అమీన్ గూడ వచ్చిండు. వచ్చుడు వచ్చుడే ఇంటింటికి తిరిగి రోళ్లన్ని బోర్లిచ్చిండు. దుర్గవ్వ రోలును గడ్డపారతోని పలగ్గొట్టిచ్చిండు. ఆమె చూసుకుంట నిలవడ్డది. వారం పొద్దు దంచుకోనీకె లేక జొన్న గట్కకు గూడ పరేషానైనం.

మొన్న శుక్కురారం మల్ల వచ్చిండ్రు. కొత్త గుర్తు మంచిగనే పని చేసింది. దాని సంగతి గంతే. మొగోళ్లందరు గుట్టలు పట్టిండ్రు. మీ బావ అప్పుడే రొట్టె ముంగట కూసున్నడు.

"లే, ఉరుకు" అన్న.

"ఉరుకను" అన్నడు.

"వెట్టికి తోలుకపోతరయ్యా!"

"తోలుకపోనీ. ఒక్కసారి ఉరికితే మల్ల ఇంటికొచ్చెటందుకు పది నెలలు పట్టింది. ఈసారి ఉరికితే ఏమని రాస్తరో. ఇంకో రొట్టె ఎయ్యి."

తొందరల తిప్పితే రొట్టె పెనం మీద సగానికి చినిగింది. "చినిగింది గూడ ఇటెయ్యి, వాళ్ల లెక్కల సగం రొట్టె ఉండొద్దు" అన్నడు. నవ్వకుంటనే అన్నడు. గుర్రాలు వాకిట్లకు వచ్చినంక గూడ నములుతనే ఉన్నడు. కంచం తుడుసుకోని తిన్నడు. చెయ్యి కడుక్కోని, కండువ భుజం మీదేసుకోని, తనంతట తనే బయటికి పోయి నిలవడ్డడు.

"క్యా ఐలయ్యా, ఈసారి ఉరుకలేదా? తెలివికొచ్చినవు" అన్నడు అమీన్. డేరా మూట పది మందికి పంచేది ఈయన ఒక్కని నెత్తికే ఎత్తిచ్చిండ్రు.

ఇయ్యాలకు ఆరొద్దులు. మహేశ్వరం దిక్కే పోయిండ్రని అనంతయ్య చెప్పిండు. దుర్గవ్వ వచ్చి రోజు నా దగ్గరనే కూసుంటుంది.

ఉరికినోనికి నీ జడ్జి సాబు మంచి మాట రాసిండు. ఉరుకకుంట కూసున్నోనికి ఏ మాట ఉన్నదో నీ పుస్తకంల చూడు. దొరికితే రాయి.

గా కంచం నేనే కడిగిన. ఈసారి అందుల ఒక్క ముక్క మిగులలేదు.

మీ అక్క
రేణుకమ్మ